మచ్చ మడత పైకి రావాలి

“పౌచ్ వేసుకుంటే కనపడదులే తాతా” అన్నాడు అంగడి పిల్లోడు. ఫోనులో లోపం చూసి రాని కోపం ఆ మాట విని వచ్చింది నాకు. కొత్త వస్తువు లోపంతో వచ్చిందని కొన్నవాడు తెచ్చి చూపిస్తే, దాన్ని ఎట్లా సరిచేద్దామా అని చూడాల్సినవాడు ఎట్లా కప్పెడదామా అని చూస్తున్నాడు. పైగా అదేదో నాకు మేలు చేస్తున్నట్టు, గోడకు వేలాడుతున్న పౌచుల్లోంచి ఒకటి తీసి, “ఇది ఫ్రీగా ఇస్తాలే” అని చేతిలో పెట్టాడు. మా రోజుల్లో లోపమున్న సరుకు లేదని నేను అనను. లోపాన్ని దాచిపెట్టడానికి సంచి ఇచ్చే వ్యాపారం మాత్రం లేదు.

సంగతేమంటే, మా కూతురి కొడుకు కర్నూల్లో డిగ్రీ చదువుతున్నాడు. ఫీజు కట్టాలన్నా, హాల్‌టికెట్ తీసుకోవాలన్నా, ఆఖరికి టీ తాగి డబ్బులివ్వాలన్నా ఇప్పుడు అన్నీ ఫోనులోనే. అందుకని వాళ్ల నాయన పత్తి అమ్మిన డబ్బుల్లోంచి తీసి ఎమ్మిగనూరులో కొత్త ఫోను కొనిచ్చాడు. గోనెగండ్లలో మా ఇంటికి తెచ్చి, అందరి ముందూ పెట్టె సీలు తీశాడు మనవడు. అందరూ చూసి మురిశాక నా చేతికి వచ్చింది. ఏ కొత్త వస్తువు వచ్చినా వెలుతురుకు పట్టి చూడటం మా ఇంటి అలవాటు. కళ్లద్దాలు పెట్టుకుని వాకిట్లోకి తీసుకుపోయి చూశాను.

స్క్రీను కింది భాగంలో, ఎడమ మూలన, అద్దానికీ చుట్టూ ఉన్న చట్రానికీ మధ్య సందు. బొటనవేలి గోరు అంచు మీద పెట్టి చుట్టూ లాగితే మూడు మూలలా నున్నగా జారిపోతుంది, ఆ నాలుగో మూలకు వచ్చేసరికి టక్కున తట్టుకుంటుంది. అక్కడ అద్దం పూర్తిగా కూర్చోలేదు, వెంట్రుక మందం పైకి లేచింది. ఛార్జింగు పెట్టే రంధ్రం అంచున రంగు ఊడి తెల్లటి లోహం బయటపడింది. వెనకవైపు కెమెరా అద్దం లోపల ఒక దుమ్ము నలుసు ఇరుక్కుని ఉంది. పంచె అంచుతో తుడిచి చూశాను. పైన ఉన్నదైతే కదా పోవడానికి. ఆ నలుసు ఫ్యాక్టరీలో లోపల పడి, దాని మీద అద్దం బిగించాక మా ఇంటిదాకా వచ్చింది.

“పన్జేస్తుంది గదా తాతా, ఇడిసిపెట్టు” అన్నాడు మనవడు. ఇప్పటి పిల్లలందరిదీ ఇదే మాట. పని చేస్తే చాలంట. నాకు చాలదు. ఎందుకు చాలదో చెప్పాలంటే మా నాయన దగ్గర మొదలుపెట్టాలి.

మా నాయన మగ్గం నేసేవాడు. ఇంట్లో గుంట మగ్గం. కోడి కూయక ముందే గుంటలో కాళ్లు పెట్టి కూర్చునేవాడు, నాడె అటూ ఇటూ పోయే చప్పుడుకే మేము నిద్ర లేచేవాళ్లం. అమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. నూలు ఎమ్మిగనూరు నుంచి వచ్చేది, నేసిన బట్ట ఎమ్మిగనూరుకే పోయేది. 1938లో మాచాని సోమప్ప గారు నిలబెట్టిన చేనేత సహకార సంఘం అది. ఆ పనికే తర్వాత ఆయనకు పద్మశ్రీ వచ్చింది. వానలు మొహం చాటేసే ఈ పడమటి సీమలో చేనును నమ్ముకోలేనివాడికి మగ్గం కూడు పెట్టిందంటే, అందులో ఆ సంఘం పాలు చాలా ఉంది. సంఘం ఎరగని కాలంలో సావుకారు ఇచ్చిందే నూలు, సావుకారు చెప్పిందే కూలి అని మా నాయన చెప్పేవాడు.

సెలవుల్లో బట్ట అప్పజెప్పడానికి ఆయన వెంట నేనూ బస్సెక్కేవాణ్ణి. పొడవాటి బల్ల, పక్కనే కిటికీ. తానును పూర్తిగా విప్పి, బల్ల మీదుగా లాగుతూ, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి చూసేవాళ్లు. పడుగులో పోగు తెగింది చూసుకోకుండా నేసుకుంటూ పోతే నిలువునా సన్న గీత పడుతుంది. పేక పోగును సమంగా కొట్టకపోతే అడ్డంగా పలచటి పట్టీ కనపడుతుంది. నూనె మరక, గంజి మరక, అంచు వంకర, కొలతలో తక్కువ, అన్నీ చూసేవాళ్లు. దేనికి కూలిలో ఎంత కోత పడుతుందో నేసినవాడికీ తెలుసు, చూసేవాడికీ తెలుసు. ఇది గీత కాదు, నూలే అట్లా ఉందని మా నాయన గట్టిగా వాదించేవాడు. ఒక్కోసారి నెగ్గేవాడు, ఒక్కోసారి గొణుక్కుంటూ బయటికి వచ్చేవాడు. వాదన అంతా ఆ బల్ల మీద, ఆ బట్ట ముందరే జరిగేది.

ఇంటి దగ్గర తాను మడిచేటప్పుడు ఆయన ఒక పని చేసేవాడు. గీత పడ్డ చోటు మడత పైకి వచ్చేట్టు చూసుకునేవాడు. పక్కింటి మగ్గంలో మడత లోపలికి పెట్టేవాళ్లు. ఆ సంగతి అడిగితే మా నాయన ఒకటే మాట అన్నాడు: “కట్టుకునేదానికి కనపడదా?” అంతకంటే ఎక్కువ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు. మచ్చ లోపలికి మడిచిన వాళ్ల తానుల్ని ఆ తర్వాత ఏళ్ల తరబడి బల్ల మీద రెండేసి సార్లు విప్పి చూసేవాళ్లు. ఒక్కసారి పోయిన నమ్మకం మళ్లీ తెచ్చుకోవడానికి వాళ్లు పడ్డ పాట్లు నేను కళ్లారా చూశాను.

మచ్చ పడ్డ తానును పారేసేవాళ్లు కాదు. పక్కన పెట్టి, సెకండ్స్ కింద తక్కువ ధరకు అమ్మేవాళ్లు. కొనేవాడు మచ్చ చూసే కొనేవాడు, ధర తగ్గిందనే కొనేవాడు. నేను హైస్కూల్లో వేసుకున్న చొక్కాలు అట్లాంటి గుడ్డతో కుట్టించినవే. వీపున గీత ఉండేది. ఆ గీతకు మా అమ్మ తక్కువ డబ్బులిచ్చింది కాబట్టి మాకు ఏ బాధా లేదు. నిండు ధర తీసుకుని ఆ గుడ్డ ఇచ్చి ఉంటే ఆమె ఆ అంగడి మెట్లు దిగేది కాదు.

అప్పట్లో ఏది కొన్నా కన్ను ముందు పోయేది, డబ్బు వెనక పోయేది. కుండ కొంటే వేలితో మోగించి చూసేవాళ్లు. మోత బొంగురుగా ఉందంటే ఎక్కడో బీట ఉందని అర్థం. సైకిలు కొంటే స్టాండు వేసి వెనక చక్రం తిప్పి, అడ్డంగా ఊగుతుందేమో అని రిమ్ము పక్కన వేలు పెట్టి చూసేవాళ్లు. ఊగితే అంగడివాడు అక్కడే స్పోకులు బిగించి సరిచేసి ఇచ్చేవాడు.

ఎద్దుల సంగతి చెప్పనే అక్కర్లేదు. జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర వచ్చిందంటే రథోత్సవానికి ఎంతమంది వచ్చేవాళ్లో పశువుల సంతకూ అంతమంది వచ్చేవాళ్లు. ఎద్దు నోరు తెరిపించి పళ్లు చూసేవాళ్లు, నడిపించి కాళ్లు చూసేవాళ్లు, తోక కింద చూసేవాళ్లు, ఒంటి మీద చెయ్యి వేసి సుళ్లు చూసేవాళ్లు. తర్వాత తువ్వాలు కింద చేతిలో చెయ్యి పెట్టి వేళ్లు పట్టుకుని బేరం. అక్కడే నాకు ఒక సంగతి తెలిసింది. సుడి అంటే ఒంటి మీద వెంట్రుకలు తిరిగిన గుర్తు, అంతే. మడక దున్నడానికి దానితో పనేముంది? బండి లాగడానికి అడ్డమేముంది? అయినా చెడ్డ సుడి ఉన్న ఎద్దుకు ధర తగ్గేది. ఆ నమ్మకం సరైందో కాదో వేరే మాట. “పని చేస్తుంది కదా, ధర ఎందుకు తగ్గిస్తావు” అని అమ్మేవాడు అనేవాడు కాదు. పైకి కనపడేదానికీ ఒక విలువ ఉందని ఇద్దరూ ఒప్పుకున్నాకే బేరం మొదలయ్యేది.

నాకు జిల్లా పరిషత్ స్కూల్లో ఉద్యోగం వచ్చినప్పుడు కర్నూలు పోయి హెచ్ఎంటీ వాచీ కొన్నాను. 1961లో జపాను వాళ్ల సిటిజన్ కంపెనీతో కలిసి బెంగళూరులో మొదలుపెట్టిన ఫ్యాక్టరీ వాచీలు. చేతికి హెచ్ఎంటీ ఉందంటే పెళ్లిచూపుల్లో కూడా మర్యాద పెరిగే కాలం అది. అంగడి ఆయన బట్ట పరిచి, దాని మీద వాచీ పెట్టి, కీ ఇచ్చి, నా చెవి దగ్గర పట్టాడు. తర్వాత భూతద్దం నా చేతికే ఇచ్చి, “చూసుకోండి సార్, ముళ్ల చివర్లు, అంకెలు, అద్దం అన్నీ చూసుకోండి” అన్నాడు. ఆరు అంకె దగ్గర రంగు కొంచెం చెదిరింది. నేను నోరు తెరిచేలోపే ఆయనే దాన్ని పక్కన పెట్టి ఇంకొకటి తీశాడు. అదేమీ గొప్ప ఉపకారం చేసినట్టు చెప్పుకోలేదు. గ్యారంటీ కార్డు మీద తేదీ వేసి, ముద్ర కొట్టి, సంతకం చేసి ఇచ్చాడు. ఆ వాచీ మా పెద్దోడు ఇప్పటికీ పండగలకు కట్టుకుంటాడు.

ఇప్పుడు కన్నుకు ముందు డబ్బు పోతుంది. పెట్టె సీలు వేసి ఉంటుంది. సీలు తీయాలంటే బిల్లు కట్టాలి. బిల్లు కట్టి సీలు తీశాక లోపం కనపడితే, “సీలు తీశారు కదా, మేం వెనక్కి తీసుకోలేం, సర్వీసు సెంటరుకు పోండి” అంటారు. చూడకుండా కొను, కొన్నాక చూడు, చూశాక నోరు మూసుకో. ఆన్‌లైన్లో కొన్నవాళ్ల బాధ ఇంకోరకం. పెట్టె విప్పేటప్పుడు మొదటినుంచీ వీడియో తీసుకోవాలంట, లేకపోతే లోపం నువ్వే చేశావేమో అంటారంట. కష్టార్జితం పెట్టి కొన్నవాడు దొంగ కాదని తనే రుజువు చేసుకోవాలి.

మనవణ్ణి వెంటబెట్టుకుని సర్వీసు సెంటరుకూ పోయాను. టోకెన్ ఇచ్చారు, ఏసీలో కూర్చోబెట్టారు, నీళ్లిచ్చారు. మర్యాదకు ఏ లోటూ లేదు. ఒక అమ్మాయి ఫోను తీసుకుని లోపలికి పోయి వచ్చి, “టచ్ బాగుంది, ఛార్జింగ్ బాగుంది, కెమెరా బాగుంది సార్. ఇది పైపై లోపం. కంపెనీ లిమిట్‌లోనే ఉంది. వారంటీలోకి రాదు” అంది. ఆ లిమిట్ ఎంతమ్మా, కాగితం చూపించు అన్నాను. అది బయటివాళ్లకు చూపించేది కాదంట. నాకు కడుపు మండింది ఇక్కడే. మా నాయన బల్ల ముందు నిలబడినప్పుడు గీతకు ఎంత కోతో ఆయనకు తెలుసు. ఇక్కడ కొలబద్ద ఒకరి జేబులోనే ఉంది. కొలిచేదీ వాళ్లే, తీర్పు చెప్పేదీ వాళ్లే.

ఆ తర్వాత ఫ్యాక్టరీల్లో పనిచేసిన మా పాత విద్యార్థుల్ని పట్టుకుని అడిగి తెలుసుకున్నాను. ఇట్లాంటి వస్తువులకు కంటికి కనపడే లోపాల లెక్క ఒకటి రాసుకుని ఉంటారు. ఎదురుగా కనపడే ముఖానికి ఒక లెక్క, అది గట్టిది. పక్కలకు ఇంకొకటి, కొంచెం వదులు. అడుగుకూ లోపలికీ మరీ వదులు. చేతి దూరంలో పట్టుకుని, ఇంత వెలుతురులో, ఇన్ని క్షణాలు చూస్తే కనపడితేనే లోపం, కనపడకపోతే పాసు. ఇంత పొడవు గీత దాకా ఫర్వాలేదు, ఇంత సందు దాకా ఫర్వాలేదు అని అంకెలుంటాయి. ఆఖరి తనిఖీకి చాలా చోట్ల ప్రతి వస్తువునూ విప్పి చూడరు. లాటులోంచి కొన్ని తీసి చూస్తారు, వాటిలో చెడ్డవి అనుకున్న లెక్క దాటకపోతే లాటు మొత్తం బయటికి పోతుంది. లక్షల్లో చేసేవాళ్లకు ఇది తప్పదని వాళ్లు చెప్పారు, ఒప్పుకుంటాను. అట్లాంటప్పుడు ఆ జల్లెడలోంచి జారిన ఒకటి ఎవరి చేతిలో పడిందో వాడి మొర వినాలి కదా? జల్లెడ నీది, జారింది నీది, నష్టం మాత్రం గోనెగండ్ల పిల్లోడిది అంటే ఎట్లా?

ఇది మన ఊరి చిన్న అంగళ్ల జబ్బే అనుకుంటే పొరపాటు. 2012లో ఐఫోన్ 5 వచ్చినప్పుడు నల్ల రంగు ఫోన్లు పెట్టెలోంచి తీస్తూనే అంచుల్లో గీతలతో ఉన్నాయని అమెరికాలో చాలామంది మొత్తుకున్నారు. అల్యూమినియం వస్తువన్నాక వాడకంలో గీతలు పడి అసలు రంగు బయటికి రావడం మామూలేనని ఆ కంపెనీ పెద్ద అధికారి ఒకరు జవాబిచ్చినట్టు అప్పుడు పత్రికల్లో వచ్చింది. 2018లో అదే కంపెనీ ఐప్యాడ్ ప్రో కొన్నవాళ్లు కొందరు, కొత్తదే కొంచెం వంగి ఉందని చూపించారు. తయారీలో అట్లా జరుగుతుంది, అది లోపం కిందికి రాదు అన్నారు. పక్కల్లో 400 మైక్రాన్ల దాకా, అంటే మిల్లీమీటరులో దాదాపు సగం దాకా వంపు తమ లెక్కలో సరేనని ఆ తర్వాత బయటపెట్టారు. నాలుగు కాగితాల మందం కంటే తక్కువేనని సర్దిచెప్పారు. అంత డబ్బు పెట్టి కొన్నవాళ్లు గోల చేసిందాకా ఆ అంకె బయటికి రాలేదు. గోల చేశాకైనా వచ్చింది, అది ఆ ఊళ్ల జనం గొప్పతనం. మనం గోల కూడా చేయం. పౌచ్ వేసుకుని ఇంటికి వస్తాం.

ఈ సర్వీసు సెంటరు మాట విన్నప్పుడు నాకు మా బామ్మర్ది గుర్తొచ్చాడు. గాజులదిన్నె కాలువ కింద కొంత, మెట్టలో కొంత చేను ఉంది అతనికి. పత్తి, ఉల్లిగడ్డ పెడతాడు. పత్తి తీసుకుని ఆదోని మార్కెట్ యార్డుకు పోతాడు. దేశంలో పత్తి వ్యాపారం తెలిసినవాళ్లకు ఆదోని పేరు తెలియకుండా ఉండదు. జిన్నింగు మిల్లులు, రైలు సౌకర్యం, బొంబాయితో లావాదేవీలు, తరతరాల మార్కెట్టు అది. అక్కడ కొనేవాళ్లు బోరెంలోకి మోచేతిదాకా చెయ్యి పెట్టి, అడుగునుంచి గుప్పెడు పత్తి లాగుతారు. వేళ్ల మధ్య పీకి పోగు పొడవు చూస్తారు. ఎండకు పట్టి రంగు చూస్తారు. “కొంచెం పచ్చబడింది”, “ఆకు చెత్త ఉంది”, “వాన తగిలిన సరుకు”. ఒక్కో మాటకు క్వింటాలు మీద ఇంత తగ్గుతుంది. ప్రభుత్వం తరఫున పత్తి సంస్థ కొనేటప్పుడు కూడా తేమ ఎనిమిది శాతం దాకానే నిండు మద్దతు ధర. ఆపైన పన్నెండు దాకా ఒక్కో శాతానికీ కోత. పన్నెండు దాటితే వచ్చిన బండి వచ్చినట్టే వెనక్కి.

ఉల్లిగడ్డ మరీ అన్యాయం. కర్నూలు మార్కెట్టుకు తీసుకుపోతే పైపొర ఊడిందని ధర కోస్తారు, గడ్డ చిన్నదని కోస్తారు, రంగు లేదని కోస్తారు. పైపొర ఊడినంత మాత్రాన ఉల్లిగడ్డ ఘాటు తగ్గుతుందా? కూరలో వేస్తే ఉడకదా? “పని చేస్తుంది కదా సార్, ఇది పైపై లోపం, లిమిట్‌లోనే ఉంది” అని మా బామ్మర్ది అంటే ఆ వ్యాపారి ఊరుకుంటాడా? రైతు సరుకులో మచ్చ పడితే మచ్చకు ధర కడతారు. కంపెనీ సరుకులో మచ్చ పడితే మచ్చే లేదంటారు. రంగు తగ్గిందని ధర కోసిన మా అల్లుడి పత్తి డబ్బులతోనే ఆ ఫోను కొన్నది. రంగు ఊడిన ఫోనుకు నిండు ధర ఇచ్చి కొన్నాం. ఈ లెక్క ఎవరైనా నాకు సరిగ్గా చెబితే వింటాను.

ఇంకా ఒకటి ఉంది. పైపై లోపం అన్నంత మాత్రాన అది పైనే ఆగిపోదు. బట్టలో పేక పలచబడిన చోటే ముందు చినుగుతుందని నేతగాడింటి పిల్లకాయకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఫోను సంగతీ అంతే. అద్దాన్ని చట్రానికి జిగురుతో అతికించి, ఒత్తి పట్టి, ఆ జిగురు ఆరేదాకా ఉంచుతారు. నీళ్లు, దుమ్ము లోపలికి పోకుండా కాపాడేది చాలా ఫోన్లలో ఆ జిగురు పట్టీయే. పెట్టె మీద ఐపీ68 అని గొప్పగా వేసుకుంటారు చూడండి, అందులో ఆరు అంటే దుమ్ము చొరదని, ఎనిమిది అంటే నీళ్లలో మునిగినా తట్టుకుంటుందని. ఒక మూల అద్దం లేచి ఉందంటే ఆ మూలన జిగురు సరిగ్గా పట్టలేదేమో అని అనుమానం రావాలా, వద్దా? మా ఊళ్లో ఎండాకాలం గాలికి లేచే దుమ్ము ఎట్లా ఉంటుందో ఆ ఏసీ గదిలో కూర్చున్నవాళ్లకు తెలియదు. తలుపులేసుకున్నా మంచం మీద పొర కడుతుంది. కెమెరా లోపల ఇప్పటికే ఒక నలుసు ఉంది. ఈ మూలన దారి ఉంటే ఇంకోటి పోదా?

అంచున రంగు ఊడటానికీ కారణం ఉంటుంది. అల్యూమినియం మీద ఆ రంగు గోడకు సున్నం కొట్టినట్టు పూయరు. మందు నీళ్లలో ముంచి కరెంటు పెట్టి లోహం మీద గట్టి పొర లేపుతారు, ఆ పొర రంధ్రాల్లోకి రంగు ఎక్కిస్తారు. పదునుగా కోసిన అంచుల దగ్గర ఆ పొర నిలవడం కష్టం, అందుకే ముందు అక్కడ లేస్తుంది. ఇవాళ ఇంత లేస్తే, ఏడాది తిరిగేసరికి ఎంత లేస్తుందో ఎవరు చూశారు?

తయారుచేసే పిల్లల్ని నేను ఒక్క మాట అనను. 2015లో మన శ్రీసిటీలోనే ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో షావోమీ ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. మావాడి ఫోను అక్కడిది కాదు, వేరే రాష్ట్రంలో చేసినది. ఎక్కడిదైనా, లైను ముందు కూర్చునేది పల్లెల నుంచి పోయిన ఆడపిల్లలూ మగపిల్లలే. బెల్టు ఆగదు, ఒకదాని తర్వాత ఒకటి వస్తూనే ఉంటుంది. మా నాయనకు పోగు తెగితే మగ్గం ఆపి ముడి వేసుకునే స్వేచ్ఛ ఉండేది. ఆ పిల్లలకు లేదు. ఆపే అధికారం ఎవరి చేతిలో ఉందో, లోపానికి పూచీ కూడా వాళ్లదే.

మా రోజులన్నీ బంగారం అని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. మాకు అంగడివాడి ముఖమే కోర్టు. ఆయన మంచివాడైతే వస్తువు మారుస్తాడు, కాకపోతే తిట్టుకుంటూ రావడమే. వినియోగదారుల చట్టం అనేది 1986 దాకా మన దేశంలో లేనే లేదు. ఇప్పుడు మా మనవడికి నాకంటే ఎక్కువ బలం ఉంది. 2019లో చేసిన కొత్త చట్టం 2020 జులై నుంచి అమల్లో ఉంది. అందులో లోపం అంటే పని చేయకపోవడం ఒక్కటే అని రాయలేదు. నాణ్యతలో, ప్రమాణంలో ఉండాల్సినది ఉండకపోతే, అమ్మేవాడు చెప్పుకున్నట్టు లేకపోతే, అది ఎట్లాంటి కొరత అయినా లోపమే. ఆన్‌లైన్ అమ్మకాల నిబంధనల ప్రకారం, లోపమున్న సరుకును వెనక్కి తీసుకోను అని అమ్మినవాడు అనడానికి వీల్లేదు. 1915 నంబరుకు ఫోను చేస్తే తెలుగులో మాట్లాడి ఫిర్యాదు రాసుకుంటారు. అప్పటికీ తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఐదు లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు. కంపెనీ ఆఫీసు ఏ ఢిల్లీలో ఉన్నా మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు, మాకైతే కర్నూలు. రెండేళ్లలోపు వేయాలి. వకీలు లేకుండా మన గోడు మనమే చెప్పుకోవచ్చు.

ఇంత చేతిలో పెడితే, ఈ కాలం పిల్లలు “ఎవరు తిరుగుతారు తాతా, రెండేళ్లకు ఎట్లాగూ మార్చేస్తాం” అంటారు. నాకు బాధ కలిగించేది ఈ మాట. రెండేళ్లకు పారేసేదే అయినా, కొన్న రోజున నిండు ధర ఇచ్చావు కదా నాయనా. ఆ ధరలో మీ నాయన చేలో వంగిన నడుము ఉంది. కంపెనీలకు మన సంగతి తెలిసిపోయింది. పదిమందిలో ఒకడు అడుగుతాడు, ఆ ఒకణ్ణి లిమిట్ అని పంపేస్తే వాడూ పోతాడు, మిగతావాళ్లు పౌచ్ వేసుకుంటారు. అడిగేవాడు లేకపోబట్టే ఆ జల్లెడ కన్నాలు ఏడాదికేడాది పెద్దవవుతున్నాయని నా అనుమానం.

నేను కోరేది పెద్ద కోరికేమీ కాదు. ఎంత సందు దాకా, ఎంత గీత దాకా సరుకు సరైనదని మీరు అనుకుంటున్నారో ఆ అంకెలు పెట్టె మీద అచ్చు వేయండి. ఐపీ68 అని వేసుకోవడానికి చోటున్నప్పుడు దీనికీ చోటుంటుంది. బిల్లు కట్టకముందే అంగడిలో పెట్టె విప్పి, కొనేవాడి చేతికిచ్చి, వెలుతురుకు పట్టి చూసుకోనివ్వండి. లోపం కనపడినవి పారేయొద్దు, పక్కన పెట్టి సెకండ్స్ అని రాసి ధర తగ్గించి అమ్మండి. మా ఊళ్లో కొనేవాళ్లు బోలెడంత మంది ఉన్నారు, నేనే ఒకటి కొంటాను.

మావాడి చేత 1915కు ఫోను చేయించాను. ఫిర్యాదు నంబరు వచ్చింది. గోరు తట్టుకునే మూలనూ, ఊడిన రంగునూ, లోపలి నలుసునూ వాకిట్లో ఎండలో ఫొటోలు తీయించి బిల్లుతో పాటు పెట్టాం. వాళ్ల జవాబు కూడా ఆ “లిమిట్” దగ్గరే ఆగితే కర్నూలు కమిషన్లో వేస్తాం. కాగితాలు నేను రాస్తాను, మా బామ్మర్ది ఆదోని యార్డులో కోత పడిన చీటీలు తెస్తానన్నాడు. అవి ఆ కేసుకు పనికిరావని మనవడు అంటున్నాడు. పనికొచ్చినా రాకపోయినా పట్టుకుని రమ్మన్నాను.